చమురు తేలింది... వాటాదారు మునిగాడు

దివిసీమలో ఓ ఇల్లు ఊహించుకోండి. అవనిగడ్డ సెంటరుకు కాస్త లోపలగా ఉంటుంది. అది 2016 ఫిబ్రవరి. సార్వా ధాన్యం అమ్ముడైపోయింది. చేలో మినుము కోతకొస్తోంది. రోడ్డు వారగా ఉన్న ఎకరం అమ్మితే వచ్చిన డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది. అమ్మాయి పెళ్లి కోసం దాచిన సొమ్మది. ఓ ఆదివారం పొద్దున్నే అమెరికాలోని హ్యూస్టన్‌ నుంచి కొడుకు ఫోను.

''నాన్నా, పేపర్లో చమురు ధర చూశారా? రెండేళ్ల కిందట బ్యారెల్‌ 115 డాలర్లు. ఇప్పుడు 30 దగ్గర ఊగుతోంది. సముద్రంలో బావులు తవ్వే కంపెనీల షేర్లయితే మరీ చవక. సీడ్రిల్‌ అని ఒకటుంది. అప్పట్లో 40 డాలర్లు. ఇప్పుడు రెండు డాలర్లు! చమురు లేకుండా ప్రపంచం నడుస్తుందా? ఎప్పటికైనా పెరగాల్సిందేగా. చెల్లి పెళ్లికి ఇంకా మూడేళ్లుంది. ఆ డబ్బు ఇటు పంపితే పదింతలవుతుంది.''

తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

''ఆ కంపెనీకి అప్పెంతరా?''

''అప్పు ఉంటుంది లెండి నాన్నా. ఏ కంపెనీకి లేదు?''

''మీ చిన్నాన్న వరికోత మిషన్‌ సంగతి గుర్తుందా?''

కొడుక్కి గుర్తుంది. ఊళ్లో కూలీలు దొరకని రోజుల్లో చిన్నాన్న ఫైనాన్సులో కోత మిషన్‌ కొన్నాడు. గంటకింతని అద్దె. మొదటి రెండేళ్లూ రాత్రీ పగలూ తిరిగింది. అది చూసి చుట్టుపక్కల ఊళ్లలో మరో పదిమంది కొన్నారు. మూడో ఏడు తుపానుకు చేలు పడిపోయాయి. మిషన్లు ఎక్కువ, చేలు తక్కువ. అద్దె సగానికి పడిపోయింది. వాయిదా మాత్రం పడిపోలేదు! ఆర్నెల్లు చూసి ఫైనాన్స్‌ వాళ్లు మిషన్‌ తోలుకుపోయారు. ఆ తర్వాతి ఏడాది పంట బ్రహ్మాండంగా పండింది. మిషన్లు చాలక అద్దె రెట్టింపైంది. అదే మిషన్‌ అదే చేలల్లో తిరిగింది. కాకపోతే దాని యజమాని చిన్నాన్న కాదు.

''అద్దె పెరుగుతుందని మీ చిన్నాన్న అనుకున్నది నిజమేరా. అప్పటిదాకా ఆగలేకపోయాడు, అంతే'' అన్నాడు తండ్రి.

ఈ తండ్రీకొడుకులు కల్పితమే. ఆ రోజుల్లో సముద్రపు తవ్వకం కంపెనీలకు జరిగింది మాత్రం కల్పితం కాదు. అచ్చం కోత మిషన్‌ కథే. కాకపోతే అక్కడ మిషన్‌ ఖరీదు వేల కోట్ల రూపాయలు.

చమురు వాళ్లది కాదు

చమురు షేరు అనగానే చాలామంది అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రకానికి బావి ఉంటుంది, అందులోంచి వచ్చే చమురు, గ్యాసు ఉంటాయి. ఓఎన్‌జీసీ, రిలయన్స్‌ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండో రకానికి బావి ఉండదు, రిగ్గు ఉంటుంది. బావి తవ్విపెట్టి, రోజుకింతని అద్దె తీసుకుని వెళ్లిపోవడమే వీళ్ల పని.

మెట్ట ఊళ్లలో బోరు లారీని చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీళ్లు పడ్డా పడకపోయినా లారీ యజమానికి అడుగుకింతని ఇవ్వాల్సిందే. నీళ్లు పడితే లాభం రైతుకు, పడకపోతే నష్టమూ రైతుకే. అలా చూస్తే బోరు లారీ వ్యాపారమే నయమనిపిస్తుంది. బోర్లు వేయించేవాళ్లు ఉన్నంతకాలం నయమే! ఊళ్లో ఎవరి దగ్గరా డబ్బుల్లేక, ఆ ఏడాది బోర్లు వద్దనుకుంటే లారీ ఖాళీగా నిలబడుతుంది.

సముద్రపు రిగ్గుల్లోనూ రకాలున్నాయి. తీరానికి దగ్గరగా, లోతు తక్కువున్న చోట పొడవాటి కాళ్లను సముద్రం అడుగున ఆనించి నిలబడేది జాకప్‌ రిగ్గు. లోతు పెరిగితే కాళ్లు అందవు. అక్కడ నీళ్లమీద తేలుతూ పనిచేసే సెమీ సబ్‌మెర్సిబుల్‌ రిగ్గులు కావాలి. ఇక వేల అడుగుల లోతులో అయితే డ్రిల్‌షిప్పు. చూడ్డానికి ఓడే, మధ్యలో మాత్రం తవ్వకం గోపురం ఉంటుంది. కొత్త డ్రిల్‌షిప్పు ఒక్కటి కట్టాలంటే 60 కోట్ల డాలర్ల పైమాటే. అంత డబ్బు చేతిలో పెట్టుకుని ఎవరూ దిగరు. అందుకే ఇందులో అప్పు తప్పనిసరి.

మంచిరోజుల్లో ఈ అప్పు బరువనిపించదు. 2013 ప్రాంతంలో లోతు సముద్రపు డ్రిల్‌షిప్పులు కొన్నిటికి రోజు అద్దె ఆరు లక్షల డాలర్ల దాకా పలికింది. అప్పటి మారకం లెక్కన ఒక్క రోజుకే మూడున్నర కోట్ల రూపాయలు! ఆ అద్దె చూసి అందరూ కొరియా ఓడల కర్మాగారాల ముందు వరుస కట్టారు. ఒకటి కాదు, రెండు కాదు... పదుల సంఖ్యలో కొత్త డ్రిల్‌షిప్పులకు ఆర్డర్లు పడ్డాయి. ఊళ్లో పదిమందీ కోత మిషన్‌ కొన్నట్టే.

మన తీరంలోనూ అదే కథ

ఈ వ్యాపారం కృష్ణా డెల్టాకు అంత దూరమైనదేం కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌ పేరులోనే మన నది ఉంది. నాగాయలంక, బంటుమిల్లి, లింగాల, కైకలూరు... వరి చేలూ చేపల చెరువుల మధ్య చమురు, గ్యాసు కోసం తవ్విన ప్రాంతాలివన్నీ. 1978లో నరసాపురంలో ఓఎన్‌జీసీ తవ్విన బావిలో గ్యాసు జాడ కనిపించడంతో ఈ బేసిన్‌ కథ మొదలైంది. 2002లో సముద్రంలోని కేజీ-డి6 బ్లాకులో రిలయన్స్‌కు భారీ గ్యాసు నిక్షేపం దొరికింది. 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఒడ్డుకొచ్చింది.

ఆ రోజుల ఉత్సాహం ఎంతలా ఉండేదంటే... ప్రపంచంలోనే పేరున్న తవ్వకం కంపెనీ ట్రాన్సోషన్‌కు చెందిన రెండు డ్రిల్‌షిప్పులకు ఏకంగా మన బేసిన్‌ పేరే పెట్టారు. ధీరూభాయ్‌ డీప్‌వాటర్‌ కేజీ1, కేజీ2. వాటిలో కేజీ1 అనే ఓడ 2013లో ఓఎన్‌జీసీ కోసం మన తూర్పు సముద్రంలో 3,174 మీటర్ల నీటి లోతున బావి తవ్వి ప్రపంచ రికార్డు సృష్టించింది.

మరి గ్యాసు? 2010లో రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్లు దాటిన డి6 ఉత్పత్తి ఆ తర్వాత ఏటికేడాది పడిపోయింది. ఎందుకు పడిపోయిందన్నదాని మీద ప్రభుత్వానికీ కంపెనీకీ ఏళ్ల తరబడి వివాదం నడిచింది. ఆ దెబ్బ విజయవాడ పక్కనే కనిపించింది. కొండపల్లిలో ల్యాంకో విస్తరించిన గ్యాసు విద్యుత్‌ యూనిట్లు గ్యాసు లేక ఖాళీగా నిలబడ్డాయి. 2006లో జనానికి షేర్లు అమ్మిన మాతృసంస్థ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌ 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2018లో లిక్విడేషన్‌కు ఆదేశాలొచ్చాయి. ఇతర కారణాలు ఎన్ని ఉన్నా, మోయలేని అప్పు, తిరగని యంత్రం... రెండూ కలిస్తే ఏమవుతుందో మన కళ్లముందే తేలింది.

ఇదే బేసిన్‌లో గుజరాత్‌ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీది మరో కథ. 2005లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు ఉందన్న ప్రకటన వెలువడింది. అంత గ్యాసు రాలేదు. అప్పులు మాత్రం పేరుకుపోయాయి. చివరికి 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ సుమారు 7,700 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

మొదటి పతనం గెలిపించింది

కొడుకు వాదనలో పసలేదని కొట్టిపారేయడానికి లేదు. పతనంలో కొని లాభపడినవాళ్లు నిజంగానే ఉన్నారు. అందుకు మన పక్క రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. చెన్నైకి చెందిన అబాన్‌ ఆఫ్‌షోర్‌ 1986లో మొదలైంది. అద్దెకు రిగ్గులు నడపడమే దాని వ్యాపారం. 2006-07లో నార్వేకు చెందిన సిన్‌వెస్ట్‌ అనే కంపెనీని వంద కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి చేజిక్కించుకుంది. దాంతో ఒక్కసారిగా ప్రపంచస్థాయి రిగ్గుల కంపెనీ అయిపోయింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం అప్పే.

2008 జనవరిలో అబాన్‌ షేరు ఐదు వేల రూపాయలు దాటింది. ఆ ఏడాది జులైలో చమురు బ్యారెల్‌ 147 డాలర్లను తాకింది. సెప్టెంబరులో అమెరికాలో లేమన్‌ బ్రదర్స్‌ కూలింది. డిసెంబరు నాటికి చమురు 40 డాలర్ల దిగువకు వచ్చేసింది. 2009 మార్చికల్లా అబాన్‌ షేరు విలువ పదోవంతు కూడా మిగల్లేదు.

సరిగ్గా అప్పుడు గుండె దిటవు చేసుకుని కొన్నవాళ్లకు ఏడాది తిరక్కుండానే సొమ్ము కొన్ని రెట్లయింది. చమురు మళ్లీ 70-80 డాలర్లకు చేరింది. షేరు వెయ్యి రూపాయలు దాటింది. ఆ మదుపరులు నేర్చుకున్న పాఠం ఒక్కటే... 'పడినప్పుడు కొనాలి, ఓపిగ్గా ఉండాలి.' వినడానికి బావుంటుంది. విజయవాడ గవర్నర్‌పేట బ్రోకర్‌ ఆఫీసు నుంచి ముంబయి దలాల్‌ స్ట్రీట్‌ దాకా అందరూ చెప్పే మాటే.

కానీ ఆ గెలుపు వెనక వేరే కారణముంది. 2008 నాటి పతనం ఏడాదిన్నరలో ముగిసిపోయింది. రిగ్గులకు అంతకుముందు కుదిరిన ఒప్పందాలు చాలావరకు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అంటే చమురు పడినా అద్దె వస్తూనే ఉంది. వాయిదాలు కట్టగలిగారు. షేరు కొన్నవాళ్ల ఓపిక కన్నా, పతనం తొందరగా ముగియడమే వాళ్లను గట్టెక్కించింది.

2010 మేలో అబాన్‌కు మరో దెబ్బ తగిలింది. వెనిజువెలా తీరంలో పనిచేస్తున్న అబాన్‌ పెర్ల్‌ రిగ్గు సముద్రంలో మునిగిపోయింది. అందులో ఉన్న 95 మంది సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. ఒకే ఒక్క ప్రమాదంతో ఓ పెద్ద సంపాదన వనరు పోవడం ఈ వ్యాపారంలో మామూలే అనుకోవాలి. షేరు ఆ తర్వాత పాత ఎత్తును మళ్లీ చూడలేదు.

రెండో పతనం ముంచేసింది

2014 జూన్‌లో 115 డాలర్లున్న చమురు ఆ ఏడాది చివరికి సగానికి పడింది. అమెరికాలో షేల్‌ చమురు పొంగింది. ధర పడుతున్నా ఉత్పత్తి తగ్గించేది లేదని 2014 నవంబరు 27న వియన్నా సమావేశంలో ఒపెక్‌ దేశాలు తేల్చేశాయి. 2016 జనవరిలో బ్యారెల్‌ 28 డాలర్ల దిగువకు జారింది. కొడుకు ఫోన్‌ చేసిన రోజులివే.

చమురు కంపెనీలు ముందుగా కోత పెట్టింది కొత్త బావులకే. ఉన్న బావుల్లోంచి తోడుకోవడం ఆగదు. కొత్తది తవ్వడం మాత్రం రెండేళ్లు వాయిదా వేసినా మునిగిపోయేదేం లేదు. అంటే చమురు అమ్మకాలు కొద్దిగా తగ్గినా రిగ్గు అద్దెలు దారుణంగా పడతాయి. అదే సమయంలో మంచిరోజుల్లో ఆర్డరిచ్చిన కొత్త డ్రిల్‌షిప్పులు ఒక్కొక్కటే కొరియా నుంచి దిగాయి. ఆరు లక్షల డాలర్ల అద్దె లక్షన్నర, రెండు లక్షలకు వచ్చింది. చాలా రిగ్గులకు అదీ దొరకలేదు. ఖాళీగా లంగరేసినా కాపలాకూ, నిర్వహణకూ ఖర్చు తప్పదు. వందకు పైగా తేలే రిగ్గులు పాత ఇనుము కింద పోయాయి.

ఈసారి పతనం ఏడాదిన్నరలో ముగియలేదు. ఆరేళ్లు సాగింది. పాత ఒప్పందాలు ఒక్కొక్కటే ముగిశాయి. వాయిదాలు మాత్రం నెలనెలా తలుపు తట్టాయి.

సీడ్రిల్‌ 2017 సెప్టెంబరులో అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరింది. 2018లో బయటపడింది. అప్పులిచ్చినవాళ్లూ కొత్తగా డబ్బు పెట్టినవాళ్లూ కంపెనీని పంచుకున్నారు. పాత వాటాదారులందరికీ కలిపి మిగిలింది రెండు శాతం లోపే. పోనీ అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. 2021 ఫిబ్రవరిలో మళ్లీ కోర్టుకెక్కింది. 2022లో రెండోసారి బయటికొచ్చేసరికి అప్పటి వాటాదారులకు దక్కింది పావు శాతం!

అదొక్కటే కాదు. 2020లో కరోనాతో ప్రపంచం తలుపులు మూసుకుంది. ఏప్రిల్‌ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్‌ ధర సున్నా కన్నా కిందికి, మైనస్‌ 37 డాలర్లకు పడింది. ఆ నెలలోనే డైమండ్‌ ఆఫ్‌షోర్‌, జులైలో నోబుల్‌, ఆగస్టులో వలారిస్‌ దివాలా పిటిషన్లు వేశాయి. మూడూ దశాబ్దాల చరిత్ర ఉన్న కంపెనీలే. మూడింట్లోనూ పాత షేర్లు దాదాపు చిత్తుకాగితాలయ్యాయి. మన కేజీ సముద్రంలో రికార్డు కొట్టిన ట్రాన్సోషన్‌ కోర్టు గడప తొక్కకుండా బయటపడింది గానీ, 2016 మొదట్లో పది డాలర్ల అటూఇటూగా ఉన్న దాని షేరు 2020 చివర్లో డాలరు లోపుకొచ్చింది. చెన్నై అబాన్‌ బ్యాంకులకు వాయిదాలు కట్టలేని స్థితికి చేరింది. ఒకప్పుడు ఐదు వేలు దాటిన షేరు 2020 మార్చిలో 20 రూపాయల లోపే.

ఆ తర్వాత? కొడుకు చెప్పిందే జరిగింది! 2022 మార్చిలో చమురు 120 డాలర్లు దాటింది. రిగ్గులు తుక్కు కింద పోగా మిగిలినవి చాలక అద్దెలు పెరిగాయి. 2023-24 నాటికి మంచి డ్రిల్‌షిప్పులకు మళ్లీ ఐదు లక్షల డాలర్ల దాకా పలికాయి. నోబుల్‌, వలారిస్‌, సీడ్రిల్‌ కొత్త షేర్లతో మార్కెట్‌కు తిరిగొచ్చాయి, పెరిగాయి. అవే రిగ్గులు, అదే సముద్రం. యజమానులు మాత్రం ఒకప్పుడు అప్పులిచ్చినవాళ్లు.

పరిశ్రమ కోలుకుంటుందని నమ్మినవాళ్లు తప్పు చెప్పలేదు. పరిశ్రమ కోలుకోవడం వేరు, ఇవాళ మన చేతిలో ఉన్న షేరు అప్పటిదాకా బతికుండటం వేరు. చాలామంది ఈ రెండూ ఒకటేననుకున్నారు.

చివరి వరుసలో వాటాదారు

కంపెనీ దివాలా తీస్తే ఆస్తుల పంపకానికి ఓ వరుస ఉంటుంది. తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులు ముందు. ఇతర అప్పులవాళ్లు, బాండ్లు కొన్నవాళ్లు తర్వాత. వాటాదారుడిది అందరికన్నా చివరి వరుస. ముందున్నవాళ్లంతా తిన్నాక మిగిలితేనే అతనికి. అప్పు తక్కువున్న కంపెనీలో ఈ వరుస గురించి బెంగ అక్కర్లేదు. అప్పు మెడదాకా ఉన్న కంపెనీలో మాత్రం రెండు డాలర్ల షేరు చవకా కాదు, ఖరీదూ కాదు... అదొక లాటరీ టిక్కెట్టు.

మరి బావులున్న కంపెనీల పరిస్థితి ఏమిటి? ఓఎన్‌జీసీ లెక్క చూద్దాం. 2004 మార్చిలో కేంద్ర ప్రభుత్వం తన వాటాలో పది శాతం జనానికి అమ్మింది. షేరు 750 రూపాయల చొప్పున వంద షేర్లంటే 75 వేలు. 2006లో రెండు షేర్లకొకటి బోనస్‌ ఇచ్చారు. వంద కాస్తా 150 అయ్యాయి. 2011లో షేరును రెండుగా విడగొట్టి, ఆపైన ఒకటికొకటి బోనస్‌ ఇచ్చారు. దాంతో 600. 2016లో మళ్లీ రెండింటికొకటి. మొత్తం 900 షేర్లు.

2020 మార్చిలో ఆ షేరు 70 రూపాయల కిందికి పడింది. అంటే పదహారేళ్ల తర్వాత 75 వేలు కాస్తా 63 వేల లోపు! మధ్యలో వచ్చిన డివిడెండ్లే దిక్కు. అదే షేరు 2024 ఆగస్టులో 300 దాటింది. 900 షేర్ల విలువ రెండు లక్షల డెబ్భై వేల పైచిలుకు. ఇరవై ఏళ్లకు ఇది గొప్ప లాభమేమీ కాదు. సబ్సిడీల భారం, ప్రభుత్వ ఆదేశాల బరువు ఈ కంపెనీకి ఎప్పుడూ ఉన్నవే. అయినా పతనంలో ఓపిక పట్టినవాళ్లకు ఇక్కడ ఫలితం దక్కింది. కారణం... కంపెనీ బతికుంది. చేతిలో సొంత బావులున్నాయి. 2024 జనవరిలో మన కేజీ సముద్రంలోని 98/2 బ్లాకు నుంచి తొలి చమురు తీసింది కూడా ఈ సంస్థే.

కొనేముందు ఐదు ప్రశ్నలు

చమురు మళ్లీ పడుతుంది. అది ఎప్పుడన్నదే ఎవరికీ తెలియదు. అప్పుడు మళ్లీ ఓ ఫోనొస్తుంది. 'తవ్వకం షేర్లు చవగ్గా ఉన్నాయి' అని ఎవరో ఒకరు చెబుతారు. ఆ రోజు చమురు ధర ఎంతకు పెరుగుతుందో లెక్కలేసేముందు ఈ ఐదింటికీ జవాబు వెతకండి. కంపెనీ వార్షిక నివేదికలోనే దొరుకుతుంది.

ఒకటి: అప్పెంత, చేతిలో నగదెంత? రిగ్గులన్నీ ఖాళీగా ఉన్నా ఎన్నాళ్లు వాయిదాలు కట్టగలదు? ఏడాది కూడా కట్టలేని కంపెనీ షేరు ఎంత పడినా చవక కాదు.

రెండు: పెద్ద వాయిదాలు ఏ సంవత్సరంలో ఉన్నాయి? మొత్తం అప్పు కన్నా ఇదే ముఖ్యం. వచ్చే ఏడాది కట్టాల్సిన వంద కోట్లు, పదేళ్ల తర్వాత కట్టాల్సిన వెయ్యి కోట్ల కన్నా ప్రమాదం.

మూడు: రిగ్గులకు ఒప్పందాలు ఎప్పటిదాకా ఉన్నాయి, ఎవరితో ఉన్నాయి? బలమైన కంపెనీతో మూడేళ్ల ఒప్పందం ఉంటే పతనాన్ని దాటే పడవ ఉన్నట్టే. ఆర్నెల్లలో ముగిసిపోయే ఒప్పందమైతే లేనట్టే.

నాలుగు: రిగ్గుల వయసెంత? అద్దెలు పడినప్పుడు చమురు కంపెనీలు అదే డబ్బుకు కొత్త రిగ్గు అడుగుతాయి. ముందు ఖాళీ అయ్యేవి ముసలి రిగ్గులే. ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెట్టారేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఐదు: ఇది కంపెనీని అడగాల్సింది కాదు, మనల్ని మనం అడగాల్సింది. ఈ డబ్బు మొత్తం పోతే ఇంట్లో ఏది ఆగిపోతుంది? పెళ్లి, చదువు, ఆపరేషన్‌, ఇంటి అప్పు... వీటిలో ఏదైనా ఆగేటట్టయితే ఆ డబ్బు ఈ షేర్లకు కాదు. అప్పు తెచ్చి కొనడమైతే మాటే వద్దు. అప్పుతో మునిగే కంపెనీని అప్పు చేసి కొనడమంటే రెండు పడవలకూ ఒకే చిల్లు.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన కంపెనీ దొరికినా డబ్బంతా ఒకేచోట పెట్టకూడదు. పదెకరాల రైతు పదెకరాలూ రొయ్యల చెరువు తవ్వడు. కొంత వరి, కొంత అపరాలు ఉంచుకుంటాడు. రొయ్యకు రోగమొచ్చిన ఏడు ఇంట్లో గింజలుండాలి కదా!

అవనిగడ్డలో ఏం జరిగింది?

మళ్లీ ఆ ఇంటికొద్దాం. తండ్రి కొడుకును కసరలేదు. 'నీకేం తెలుసు' అనలేదు. విదేశీ మదుపుకు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో వెసులుబాటు ఉందనీ, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చనీ బ్యాంకుకెళ్లి కనుక్కున్నాడు కూడా. రెండ్రోజులు ఆలోచించి ఫోన్‌ చేశాడు.

''ఒరే అబ్బాయ్‌, మినుము అమ్మితే యాభై వేలొచ్చాయి. అవి పంపుతా. నీ ఇష్టమొచ్చిన షేరు కొనుక్కో. ఎకరం డబ్బు మాత్రం అడగొద్దు.''

''యాభై వేలతో ఏమొస్తుంది నాన్నా?''

''ఏమీ రాకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాలిరా.''

కొడుకు సీడ్రిల్‌ షేర్లు కొన్నాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో కంపెనీ కోర్టుకెక్కింది. యాభై వేలల్లో చేతికి తిరిగొచ్చింది లెక్కపెట్టుకునేంత కూడా లేదు. ఆ సంగతి కొడుకే ఫోన్‌ చేసి చెప్పాడు, కాస్త నామోషీగా. తండ్రి దాని గురించి ఏమీ అనలేదు. పందిరి వాళ్లకు అడ్వాన్సు ఇచ్చాననీ, సెలవు ముందే పెట్టుకోమనీ చెప్పాడు.

2019లో అమ్మాయి పెళ్లి అనుకున్న రోజుకే జరిగింది.